సామ్రాజ్యం నోటికి కాపలా

ఊరికే వచ్చినదానికి చాకిరీ చెయ్యాలి, డబ్బు పోసి తెచ్చినదానికి ఊడిగం చెయ్యాలి. ఫైర్‌వాల్‌ల సంగతిలో హిమజకి ఇన్నేళ్ళ ఉద్యోగం నేర్పిన నీతి ఇదొక్కటే. ఈ మాట ఎక్కడ చెప్పినా అందరూ నవ్వేవాళ్ళు. తన ఆడపడుచు సామ్రాజ్యం మెళ్ళోంచి రొయ్యల మేత ప్రకటన వినిపించిన రోజున మాత్రం హిమజకి ఆ నవ్వు వినబుద్ధి కాలేదు.

అది చుట్టాలమ్మాయి సీమంతం. పేరంటాళ్ళు గాజులు తొడుగుతున్నారు. చక్రాల కుర్చీలో కూర్చున్న సామ్రాజ్యం కడుపుతో ఉన్న పిల్లని దీవించబోయింది. ఆమె మెడలో గొలుసుకి బిళ్ళలాంటి చిన్న స్పీకరు వేలాడుతూ ఉంటుంది. అందులోంచి, ఆమె గొంతుతోనే, ఆమె దర్జాతోనే, "రైతు సోదరులారా, మీ చెరువులో రొయ్యలు నీరసంగా ఉన్నాయా?" అని వచ్చింది. ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక పందిరంతా పడీ పడీ నవ్వింది. హిమజ మొగుడు ఉదయభాస్కర్ పరిగెత్తుకొచ్చి అక్క మెళ్ళోంచి స్పీకరు లాగేసి తువ్వాల్లో చుట్టాడు. తువ్వాల్లోంచి కూడా అది బస్తా ధర చెబుతూనే ఉంది. సామ్రాజ్యం కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోయాయి. ఆవిడ ఏడవడం హిమజ అంతకుముందు చూడలేదు.

సామ్రాజ్యం అంటే ఎవరనుకున్నారు? ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరు. టిక్కెట్టు తియ్యనని మొండికేసిన పెద్దమనుషుల్ని నడిరోడ్డు మీద దింపేసిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు, తమ్ముణ్ణి చదివించి, తమ్ముడి ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడ నోరు బస్టాండు మైకుకి పోటీ. హిమజ కాపురానికొచ్చిన రోజు నుంచీ ఆ నోటి కిందే బతికింది. కాఫీ నీళ్ళలా ఉంటుంది, చీర మోకాళ్ళ పైకి కడుతుంది, ల్యాప్‌టాపుకి ఇచ్చిన మర్యాద లక్ష్మీదేవికి ఇవ్వదు అని రోజూ సాధింపే. తిట్టకపోతే ఆవిడకి అన్నం సయించదు.

ఒకరోజు పక్షవాతం వచ్చి ఆ నోరు పడిపోయింది. కుడి పక్కంతా పోయింది. మెడ మీద పట్టు తప్పి తల దానంతటదే ఊగుతూ ఉండేది. అందుకని అవునన్నా కాదన్నా తలతో చెప్పే దారి కూడా లేకపోయింది.

గుంటూరులో డాక్టర్ పినాకపాణి ప్రయోగశాలలో హిమజ పనిచేసేది. అక్కడ తయారైందే 'పలుకు'. పుర్రెలో గోరంత చిప్ పెడతారు. మనిషి మనసులో మాట అనుకుంటే ఆ సంకేతం ఫోనులోంచి ప్రయోగశాల సర్వరుకి వెళ్ళి, అక్కడ వాక్యమై, మెళ్ళో స్పీకరులోంచి సొంత గొంతుతో బయటికొస్తుంది. సామ్రాజ్యం అన్న మొదటి వాక్యం ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు: "మంచం కింద ఊడ్చిందెవరే, నీ మొహంలా ఉంది." ఆ మాటకి మొగుడూ పెళ్ళాలిద్దరూ కావలించుకుని ఏడ్చారు.

సర్వరన్నాక వెబ్‌లో ఉండాలి. వెబ్‌లో ఉన్నాక దొంగ రాకుండా పోడు. అందుకే వాకిట్లో ఫైర్‌వాల్ అనే కాపలావాడు ఉండాలి. వచ్చే పోయే ప్రతి మాటనీ తడిమి చూసి, అనుమానం వస్తే వెనక్కి నెట్టడం వాడి పని.

మొదట్నుంచీ ప్రయోగశాలలో ఉన్నది 'ముళ్ళకంచె'. ఓపెన్‌సోర్స్ సరుకు, ఊరందరిదీ. ఎవరైనా తెచ్చుకోవచ్చు, లోపల ఏముందో చదువుకోవచ్చు, నచ్చకపోతే మార్చుకోవచ్చు. ఊరందరి పనీ ఎవరి పనీ కాదని మనవాళ్ళకి తెలియంది కాదు. సందేహం వచ్చి అడిగితే ఎక్కడో కూర్చున్న మహానుభావుడు మాన్యువల్ చదువుకోమని విసుక్కునేవాడు. దాని అనుమానాలకి కూడా అంతులేదు. సామ్రాజ్యం తన పాత యూనియన్ గొడవలు ఎత్తుకున్నప్పుడల్లా స్పీకరు మూగపోయేది. డేటాబేసు కొల్లగొట్టే దొంగలు వాడే మాటల్లో 'యూనియన్' ఒకటట. హిమజ, ఆమె కింద పనిచేసే షాహీన్ కూర్చుని చూస్తే ఆ నియమం కళ్ళెదుటే కనబడింది. ఒక్క లైను మార్చారు, ఆవిడ మళ్ళీ సమ్మె కబుర్లు మొదలెట్టింది.

ఇక రొయ్యలెలా దూరాయంటే, ముళ్ళకంచెలో ఒక కన్నం పడింది, దాన్ని పూడ్చే కొత్త నియమం సీమంతానికి ముందు వారమే వచ్చింది. షాహీన్ వేస్తుందని హిమజ అనుకుంది. మేడమ్ వేసేశారని షాహీన్ అనుకుంది. ఇద్దరూ కలిసి మధ్యాహ్నం క్యారేజీలు విప్పుకుని తిన్నారు గానీ ఆ మాట ఒకరినొకరు అడిగిన పాపాన పోలేదు.

పినాకపాణి మండిపడ్డాడు. మర్నాడే 'రక్షావలయం' అనే కంపెనీ మనిషి వచ్చి కూర్చున్నాడు. మీరు ఏమీ చెయ్యనక్కర్లేదు, మాది అదే నేర్చుకుంటుంది, మీరు హాయిగా నిద్రపొండి అన్నాడు. ఏం చూసి నేర్చుకుంటుందని షాహీన్ అడిగింది. అది వ్యాపార రహస్యమన్నాడు. ఏదైనా మాటని ఆపితే ఎందుకు ఆపిందో చూపిస్తుందా అంది. చూపిస్తే దొంగలకి తెలిసిపోదా అన్నాడు. షాహీన్ హిమజ వంక చూసింది. నువ్వు చెప్పు అని పినాకపాణి కూడా హిమజనే అడిగాడు. హిమజకి పందిట్లో వదిన మొహం కళ్ళ ముందు మెదిలింది. సరే, కొనండి అంది.

రక్షావలయం వచ్చిన వారంలో ఇల్లు మారిపోయింది.

పొద్దున్నే కాఫీ పట్టించి మూతి తుడుస్తుంటే స్పీకరు "కాఫీ చాలా బాగుందమ్మా" అంది. హిమజ గ్లాసు కింద పెట్టింది. తనని కాదేమోనని వెనక్కి తిరిగి చూసుకుంది. సాయంత్రం ఆఫీసు నుంచి ఆలస్యంగా వస్తే ఇంతసేపు ఎవరితో ఊరేగావని అడగాల్సిన మనిషి, అలిసిపోయావు, కాసేపు కూర్చో అంది. దుప్పటి మార్చినందుకు థాంక్యూ చెప్పింది. ఉదయభాస్కర్ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. అక్క మనసు నెమ్మదించిందనీ, జబ్బు మనిషికి జ్ఞానం ఇస్తుందనీ చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పాడు.

హిమజ మొదట అనుమానపడింది. తర్వాత, అబద్ధమెందుకు, అనుభవించింది. కాపురానికొచ్చాక మొదటిసారి తన వంటింట్లో తను కూనిరాగం తీసింది. వదిన చిక్కిపోవడం, ఎడం చేత్తో స్పీకరుని పట్టుకుని లాగడం చూసింది. గొలుసు గీసుకుంటోందేమోనని మెత్తటి పట్టీ కుట్టించింది. అంతకంటే లోతుకి వెళ్ళబుద్ధి కాలేదు.

ఆ తర్వాత పినాకపాణి ఇంటికొచ్చాడు. పలుకు చిప్‌కి ఆయుష్షు తక్కువ. ఏడాదికో రెండేళ్ళకో సంకేతం సన్నబడి ఆగిపోతుంది. ఆలోగా రెండో ఆపరేషన్ చేసి ఇంకాస్త లోతుగా కొత్తది నాటాలి. దాంట్లో జ్ఞాపకాలు చెదిరిపోయే ప్రమాదం ఉంది. ఆ సంగతి ఆయన దాచలేదు, నిదానంగా విడమరిచి చెప్పాడు. బంధువులు సంతకం పెడితే కుదరదు, రోగి తన సొంత గొంతుతో ఒప్పుకుంటేనే కత్తి పట్టుకుంటానన్నది ఆయన నియమం. దానికాయన గర్వపడేవాడు కూడా.

చేయించుకుంటారా అమ్మా అని అడిగాడు.

"సరే డాక్టరుగారూ, మీ ఇష్టం" అంది స్పీకరు.

అదే క్షణంలో సామ్రాజ్యం ఎడం చేత్తో మంచం పట్టెని ఠంగున కొట్టింది. చెయ్యి కూడా స్వాధీనం తప్పుతోందేమో పరీక్షించాలన్నాడు పినాకపాణి. రికార్డు కోసం మళ్ళీ అడిగాడు. మళ్ళీ సరే, మళ్ళీ ఠంగుమని ఒక్క దెబ్బ. ఉదయభాస్కర్ కళ్ళు తుడుచుకుని మా అక్క ధైర్యం చూడండి అన్నాడు. ఎల్లుండి ఉదయం ఆస్పత్రిలో చేర్చమని చెప్పి డాక్టరు లేచాడు.

ఆ దెబ్బ హిమజకి తెలిసిందే. పెళ్ళైన కొత్తల్లో వదిన బస్సులో బోలెడుసార్లు ఎక్కింది తను. గంట తాడు తెగిపోయిన డొక్కు బస్సు అది. సామ్రాజ్యం అరచేత్తో రేకు మీద రెండు దెబ్బలు వేస్తే పోనీ అని. ఒక్క దెబ్బ వేస్తే ఆపు అని. దిగాల్సినవాళ్ళెవరో, ఎక్కాల్సినవాళ్ళెవరో, మాటల్తో పనే లేదు, డ్రైవరుకి ఆ దెబ్బే చాలు.

అందరూ వెళ్ళాక మంచం పక్కన కూర్చుంది. "వదినా, ఆపరేషన్ వద్దా మీకు?"

"నీకు ఎలా తోస్తే అలా చెయ్యమ్మా" అంది స్పీకరు. పట్టె మీద రెండు దెబ్బలు పడ్డాయి. అంటే అవును, వద్దనే.

"చేయించమంటారా?"

ఒక్క దెబ్బ. ఆ తర్వాత సామ్రాజ్యం చూసిన చూపుకి హిమజ తల వంచుకుంది.

అప్పుడే ప్రయోగశాలకి పరిగెత్తింది. షాహీన్‌కి చెప్పగానే జరిగిందేంటో ఆ పిల్లకి అర్థమైంది. యూనియన్ గొడవ తర్వాత, రోగి మాట మధ్యలో తెగిపోకూడదని పలుకులో ఒక ఏర్పాటు చేసుకున్నారు. ఫైర్‌వాల్ ఒక వాక్యాన్ని తోసేస్తే దాని వెనక వరసలో ఉన్న ఇంకో వాక్యం ముందుకొస్తుంది. అదీ కాదంటే ఇంకోటి. ముళ్ళకంచె ఎప్పుడో ఒకటి తోసేసేది కాబట్టి పెద్ద తేడా తెలిసేది కాదు. రక్షావలయం మర్యాదగా లేని మాటనల్లా దాడి కింద లెక్కేసి తోసేస్తోంది. అది పాఠాలు నేర్చుకుందెక్కడో షాహీన్ ఊహించింది: కస్టమర్ కేర్ సంభాషణలు. వదిన వద్దని ఒక తిట్టు తిడుతుంది. అది పోతుంది. ఇంకా గట్టిగా తిడుతుంది. అదీ పోతుంది. వరస చివరికి మిగిలేది సరే, మీ ఇష్టం.

హిమజ కంపెనీకి ఫోన్ చేసింది. మీ భద్రత మాకు ముఖ్యం అని ఒక గొంతు చెప్పింది. ఆపిన మాటలు చూపించమంటే కుదరదంది. కాపలా కాస్త సడలించమంటే ఆ సదుపాయం పై ప్యాకేజీలో ఉందంది. ఒక మనిషి తల కోసేస్తున్నారమ్మా అంటే, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం, ఫిర్యాదు నమోదు చేసుకున్నాం అంది. ఆ గొంతు కూడా రక్షావలయం గుండానే వస్తోందేమోనని హిమజకి అనుమానం వచ్చింది. ఫోను బల్ల మీదికి విసిరేసింది.

పినాకపాణి మంచం పట్టె చప్పుడుని సాక్ష్యంగా ఒప్పుకోనన్నాడు. గొంతుతో రెండుసార్లు సరేనన్నాక చెయ్యి అదురుడు పట్టుకుని ఆపరేషన్ ఆపితే రేపు మాట పూర్తిగా పోయిన రోజున ఎవరు జవాబుదారీ అన్నాడు. ఆయన అన్నదాంట్లో అన్యాయం కూడా లేదు, అదే హిమజకి మరీ ఒళ్ళుమంట.

ఇంటికొచ్చి మొగుడికి చెప్పింది. రక్షావలయం తీసేసి ముళ్ళకంచె పెట్టి వదినని ఒక్కసారి మాట్లాడనిద్దామంది. ఉదయభాస్కర్ వినలేదు. మళ్ళీ రొయ్యలు అమ్మించాలా మా అక్క చేత అన్నాడు. హిమజ పట్టు వదల్లేదు. అతను తలుపు దగ్గరికేసి గొంతు తగ్గించాడు.

"నిజం చెప్పు హిమజా. ఇంట్లో ఎన్నేళ్ళకి ఇంత ప్రశాంతంగా ఉంది? నీకు మాత్రం బాగోలేదా?"

"బాగుందండీ. చాలా బాగుంది. అందుకే ఇన్నాళ్ళూ ఆవిడ మొహం వంక చూడలేదు."

అతను మంచం మీద కూలబడ్డాడు. చిన్నప్పుడు అక్క తిట్టిన తిట్లకి భయపడే ఫస్ట్ క్లాసులో పాసయ్యానని ఎప్పుడూ చెప్పుకునే మనిషి. చివరికి, ఆస్పత్రిలో అందరి ముందూ అడుగు, ఏమన్నా అననీ అన్నాడు.

ఆపరేషన్ రోజు ఉదయం ఆస్పత్రి గదిలో పినాకపాణి, మొగుడూ పెళ్ళాలు ఉన్నారు. సామ్రాజ్యం తల గుండు చేయడానికి మనిషి కూడా వచ్చి నిలబడ్డాడు. ప్రయోగశాలలో షాహీన్ ముళ్ళకంచెకి వచ్చిన నియమాలన్నీ వేసి, ఈసారి వేసినవి వేసినట్టు హిమజకి ఫోన్లో చదివి వినిపించి, కాపలా మార్చింది. గొంతుతో చెబితే వింటాను, పది నిమిషాలే అన్నాడు పినాకపాణి. దొంగ దూరితే బాధ్యత నాది అంది హిమజ.

స్పీకరు గరగరలాడింది.

"వద్దు," అంది సామ్రాజ్యం. "వద్దు, వద్దు, వద్దు. చెవుల్లో సీసం పోసుకున్నారా అందరూ? ఒరేయ్ ఉదయ్, నిన్ను ఎత్తుకు పెంచాను కదరా. పుట్టి బుద్ధెరిగిన కాణ్ణించీ మీ ఇష్టమని నేనెవరితోనైనా అన్నానంట్రా? నీకు చీమ కుట్టినట్టు కూడా లేదా వెధవా?"

ఉదయభాస్కర్ మంచం కోడు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"డాక్టరూ, నీ పలుకు మంచిదేనయ్యా. ఏడాది పలికితే ఏడాదే చాలు. ఉన్న బుద్ధి చెదరగొట్టుకుని పదేళ్ళు వాగడం నాకొద్దు. ఆ మంగలాయన్ని పంపించెయ్."

పినాకపాణి చేసైగతో అతన్ని పంపించేశాడు. సామ్రాజ్యం కళ్ళు హిమజ మీదికి తిరిగాయి. తిట్లు వరసగా వస్తాయని హిమజ కాచుకుని నిలబడింది. గొంతు తగ్గింది.

"వాళ్ళు మొగవాళ్ళు, వాళ్ళకి తెలీదనుకో. నీకు తెలుసు కదే. నీ కాఫీ బాగుందని నేనంటానా? నీ కాఫీ?"

హిమజ వదిన పాదాల దగ్గర కూర్చుని కాళ్ళు పట్టుకుంది. లేవే, గదిలో ఫినాయిలు వాసన, చీర పాడవుతుంది అని కసిరింది సామ్రాజ్యం.

ఇంతకీ ఏ కాపలా ఉంచాలన్నది మిగిలింది. ఇన్నాళ్ళూ అది ప్రయోగశాలలో బల్ల చుట్టూ కూర్చుని తేల్చే విషయంగానే ఉంది. ఈసారి హిమజ వదినని అడిగింది. రెండింటి మంచీ చెడూ చెప్పింది. ముళ్ళకంచెలో కన్నాలు పడతాయి, రోజూ పూడ్చుకోవాలి, ఎప్పుడో ఒకప్పుడు మళ్ళీ ఎవడో దూరతాడు, నలుగురిలో నవ్వులపాలవుతారు. రక్షావలయంలో దొంగ దూరడు.

"దొంగ దూరితే దొంగని తిట్టుకుంటాను," అంది సామ్రాజ్యం. "నా నోరు మీరే కట్టేస్తే ఎవరి నోరు పెట్టుకుని తిట్టను?"

అయిపోయిందనుకుని పినాకపాణి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. మిగతావాళ్ళ సంగతేంటి అని అడిగింది సామ్రాజ్యం. ఆయనకి ముందు అర్థం కాలేదు. పలుకు పెట్టుకున్న మిగతావాళ్ళు డాక్టరూ, ఈ మాయదారి కాపలా నా ఒక్కదానికే పెట్టావా అంది. అందరికీ పెట్టామనీ, రక్షావలయం వచ్చాక ఏ ఇంటి నుంచీ ఒక్క ఫిర్యాదు కూడా రాలేదనీ చెప్పబోయి ఆయన మధ్యలో ఆగిపోయాడు. కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. పొన్నూరు తాపీమేస్త్రి కోటయ్యకి పోయిన వారమే రెండో ఆపరేషన్ చేశానన్నాడు. ఎంత మర్యాదగా ఒప్పుకున్నాడో అని తనలో తను అనుకున్నట్టు అన్నాడు.

హిమజ కోటయ్య ఇంటికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. ఆయన భార్య ఎత్తింది. కాపలా మారుస్తున్నామని, దానివల్ల ఆయన మాటతీరు మారొచ్చని హిమజ నెమ్మదిగా చెప్పింది.

"దాన్ని కదపొద్దమ్మా," అందామె. "పెళ్ళైన కాణ్ణించీ ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది ఈ నెలలోనే. ముందేమని పిలిచేవాడో నా నోటితో చెప్పలేను. నీకు దణ్ణం పెడతాను, కదపొద్దు."

ఆయన్ని ఒక్కసారి మాట్లాడమనండి అంది హిమజ. ఫోను చేతులు మారిన చప్పుడైంది. నాకేం ఇబ్బంది లేదమ్మా, అంతా బాగుంది అని ఒక పెద్దమనిషి గొంతు ఎంతో చల్లగా చెప్పింది. ఆ గొంతు వెనక మనిషి ఏమంటున్నాడో, అసలు ఆపరేషన్ తర్వాత ఏమైనా అనగలిగే స్థితిలో ఉన్నాడో తెలిసే దారి లేదు. హిమజ ఫోను పెట్టేసింది.

సామ్రాజ్యం మాట్లాడలేదు. ఎంతసేపటికీ మాట్లాడకపోతే ముళ్ళకంచె ఏమైనా ఆపుతోందేమోనని హిమజ ల్యాప్‌టాపు తెర చూసింది. ఏమీ ఆపలేదు. ఆవిడకే మాట రావడం లేదు.

"ఆయన నోరు ఆయనకివ్వాలి," అంది చివరికి. "ఆవిణ్ణి అనకుండా కూడా చూడాలి. పొన్నూరు తీసుకుపొండి నన్ను. ముందు నేను కూర్చుంటాను ఆయన ఎదురుగా. ఏం తిడతాడో నన్ను తిట్టమను. ఆవిడ దాకా రానివ్వను."

ఉదయభాస్కర్ కళ్ళు తుడుచుకుని కారు తాళాల కోసం జేబులు తడుముకున్నాడు. హిమజ వంగి వదిన కాళ్ళకి చెప్పులు తొడిగింది.